ఎంత చప్పుడు దాకా

కంప్యూటరు తెర మీద అంకె చూసి సంతోషకుమారి వైరు ఊడదీసి మళ్ళీ పెట్టింది. రెండోసారీ అదే వచ్చింది. రోజుకు సగటున పదకొండు నిమిషాలు.

ఎదుటి కుర్చీలో జైతున్‌బీ కొంగు భుజాల నిండా కప్పుకుని కూర్చుంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. వినుకొండ అవతలి పల్లె నుంచి కోడలు గుల్షన్‌ను తోడు తీసుకుని, పొద్దున్నే రైలెక్కి గుంటూరు వచ్చి, ఆటోలో బ్రాడీపేటలోని ఈ క్లినిక్కు చేరింది. ఆరు నెలల క్రితం ట్రస్టు వాళ్ళు ఉచితంగా ఇచ్చిన చెవి మిషను ఇప్పుడు వైరుకు తగిలించి బల్ల మీద ఉంది. మిషను ఎన్ని గంటలు పనిచేసిందో దాని లోపలే రాసుకుంటుంది. ఆ సంగతి వాడేవాళ్ళలో చాలామందికి తెలియదు.

"రోజూ పెట్టుకుంటున్నారా అమ్మా?" సంతోషకుమారి ముందుకు వంగి, గొంతు పెంచి అడిగింది.

"పెట్టుకుంటన్నానమ్మా. పొద్దున పెట్టుకుంటే మళ్ళీ పడుకునేటప్పుడే తీసేది."

"ఇబ్బందేమన్నా ఉందా?"

"ఏముంటదమ్మా. బాగుంది."

గుల్షన్ గోడ మీది క్యాలెండరు వంక చూస్తూ ఉండిపోయింది.

సంతోషకుమారి ఫైలు తెరిచింది. ఆగస్టులో చెవి పరీక్ష చేసింది తనే. బయటి సౌండు రాని గదిలో కూర్చోబెట్టి స్పీకరులో ఒక కథ వినిపించింది. సంతలో గేదెను కొనబోయిన మనిషి కథ. వెనక నుంచి ఎనిమిది మంది ఒకేసారి మాట్లాడుతున్న రికార్డు పెట్టి, దాని చప్పుడు కొంచెం కొంచెంగా పెంచింది. కథ వింటూ ఆ చప్పుడును ఎంత దాకా ఓర్చుకోగలరో అక్కడ చెయ్యెత్తమని ముందే చెప్పింది. కథ డెబ్భై డెసిబెల్స్ మీద ఉంది. చప్పుడు అరవై తొమ్మిదికి పోయినా చెయ్యి లేవలేదు. రెంటికీ తేడా ఒకటి. తేడా ఏడు లోపుంటే మనిషి మిషను చక్కగా వాడుకుంటాడు, పదమూడు దాటితే పెట్టెలో పడేస్తాడు. సంతోషకుమారి చదువుకున్నది అదే. ఒకటి వచ్చిన రోజున ఆమె ఆ కాగితం పక్క గది డాక్టరుకు కూడా చూపించింది.

ఫైలులో చివరి కాగితం ట్రస్టు ఫారం. ఆరు నెలల తర్వాత రోజుకు నాలుగు గంటలన్నా వాడని వాళ్ళ దగ్గర మిషను వెనక్కి తీసుకుని, వరుసలో ఉన్న తర్వాతి మనిషికి ఇస్తారు. ఫారంలో ఒక గడి ఉంది: వాడగలరు, కానీ వాడడం లేదు. దాని కింద సంతోషకుమారి సంతకం చెయ్యాలి. జనవరిలో నన్నే సాహెబ్ అనే ఆయన ఫారం మీద అలాగే సంతకం చేసింది. పత్తి మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఆయన తేడా అంకె రెండు. మిషను అడిగితే చెవి నుంచి తీసి, తువ్వాలుతో తుడిచి, "సరేనండి" అని రెండు చేతులతో ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఆమె మిషను జైతున్‌బీ చెవికి తొడిగింది.

"అమ్మా, మీరిది రోజుకు పదకొండు నిమిషాలే పెట్టుకున్నారని వచ్చింది. శనివారం పదకొండున్నరకి ట్రస్టు ఆఫీసుకు రావాలి. వెనక్కి తీసుకుంటారేమో."

జైతున్‌బీ చెయ్యి చెవి మీదికి పోయి, కిందికి దిగింది.

"మీరిచ్చిందేగా. మీరు తీసుకుంటానంటే సరేనమ్మా."

"సరే అంటే ఎట్టా అత్తమ్మా?" గుల్షన్ ఈసారి క్యాలెండరు వదిలింది. "డాక్టరు గారూ, ఈమె మిరప కోత ముఠాకి మేస్త్రమ్మ. పద్దెనిమిది మంది ఆడోళ్ళు. రైతులు ఫోన్ చేసి కోతకి ఎంతమంది, ఎంత కూలి అని ఈమెతోనే మాట్లాడాలి. మిషను రాకముందు రెండు సార్లు ఫోన్ నేనెత్తాను. నువ్వెవరు, మేస్త్రమ్మ లేదా అని పెట్టేశారు. పక్క ముఠాని పిలుచుకున్నారు. ఈ మిషను పోతే ముఠా పోయినట్టే."

"నువ్వు ఊరుకోవే," అంది జైతున్‌బీ.

"ముఠా నిలబెట్టే మిషను అయితే రోజంతా ఎందుకు పెట్టుకోరు?" సంతోషకుమారి అడిగింది.

జైతున్‌బీ నవ్వింది. "బాగుందమ్మా. పెట్టుకుంటన్నా."

సంతోషకుమారి పెన్ను మూత పెట్టేసింది. ఫారం సంతకం లేకుండానే ఫైలులోకి పోయింది. "ఎల్లుండి కోత ఎక్కడ?" అని గుల్షన్‌ను అడిగింది.

గురువారం పొద్దున్నే ఆమె నల్లపాడులో రైలెక్కింది. ఇల్లు స్టేషనుకు దగ్గరే. క్లినిక్కుకు ఒక రోజు సెలవు పెట్టింది. మిషను ఎక్కడ ఊడుతుందో కళ్ళారా చూస్తే తప్ప ఆ గడిలో ఏం రాయాలో తెలియదని తండ్రికి చెప్పింది. ఆయన స్కూలు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చాడు.

వినుకొండలో దిగి, గుల్షన్ చెప్పిన సెంటరుకు వెళ్ళేసరికి ట్రక్కు ఆటో సిద్ధంగా ఉంది. వెనక పద్దెనిమిది మంది ఆడవాళ్ళు చీరల మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుని, తలకు తువ్వాళ్ళు చుట్టుకుని, నీళ్ళ డబ్బాల మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. జైతున్‌బీ డాక్టరమ్మను చూసి గబగబా రైకలోంచి చిన్న డబ్బా తీసి, మిషను చెవికి పెట్టుకుంది.

ఆటో కదిలింది. ఇంజను, రేకుల మోత, గాలి, వీటన్నిటి మీదుగా ఒకరితో ఒకరు అరిచి మాట్లాడుకుంటున్న ఆడవాళ్ళు. సంతోషకుమారి చెవులకే కష్టంగా ఉంది. ఆమె జైతున్‌బీ ముఖమే చూస్తూ కూర్చుంది. కనురెప్పలు రెండూ బిగిశాయి. మెడ నరం లేచింది. ఎదుటి ఆమె ఏదో అడిగితే తల ఊపింది. ఆ ప్రశ్నకు తల ఊపడం జవాబు కాదు. అడిగిన ఆమె నవ్వుకుని పక్కకు తిరిగింది.

"ఎలా ఉందమ్మా?" సంతోషకుమారి చెవి దగ్గర అడిగింది.

"బాగుంది డాక్టరమ్మా."

మిరప పొలంలో రెండో కోత. జైతున్‌బీ సాళ్ళు పంచింది. ఒక్కో మనిషికి ఒక్కో సాలు చూపించి తను చివరి సాలు పట్టింది. ఎడమ చేత్తో కొమ్మ వంచి, కుడి చేతి రెండు వేళ్ళతో తొడిమ పట్టి పైకి లేపితే కాయ ఊడి వస్తుంది. లాగితే కొమ్మ విరుగుతుంది. గుప్పెడు నిండగానే ఒళ్ళో పడుతుంది. ఒడి నిండితే గట్టు మీద పరిచిన పరదా దాకా నడిచి గుమ్మరించి రావాలి. రెండు సాళ్ళ అవతల రైతు ట్రాక్టరుతో మందు కొట్టిస్తున్నాడు. జైతున్‌బీ వంగినప్పుడల్లా మిషను కీచుమంటోంది. ఆమె తీయలేదు. డాక్టరమ్మ గట్టు మీద కూర్చుని ఉంది.

పది గంటలకు నీళ్ళు తాగడానికి వచ్చినప్పుడు సంతోషకుమారి ఆమె వేళ్ళు చూసింది. గోళ్ళ చుట్టూ చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది.

"మంట లేదా?"

"ఏం మంటమ్మా, అలవాటేగా."

వెనకే వచ్చిన గుల్షన్ చేతుల మీద నీళ్ళు పోసుకుంటూ అంది: "ఆమెనట్టా అడిగితే ఏం చెబుతదండీ? రెండేళ్ళ కింద నరసరావుపేటలో పన్ను పీకారు. ఇంజెక్షన్ ఇంకా పట్టలా. డాక్టరు నొప్పిగా ఉందామ్మా అంటే లేదయ్యా కానియ్యండి అంది. ఇంటికొచ్చి నాలుగు రోజులు జావ తాగింది."

"పెద్దాయన అడుగుతుంటే నొప్పని చెబుతామేంటే?" అంది జైతున్‌బీ. "మన కోసం ఆయన నిలబడి చేస్తన్నాడు."

ఆడవాళ్ళు నవ్వారు. "మా అందరిదీ అంతేలే," అంది ఒకామె. "ఓర్చుకోలేనని చెబితే రేపు పనికి పిలుస్తారా?"

సంతోషకుమారి నవ్వలేదు. నీళ్ళ డబ్బా మూత బిగించి పక్కన పెట్టింది.

"జైతున్‌బీ గారూ, ఆగస్టులో గదిలో కూర్చోబెట్టి ఒక కథ వినిపించాను. గుర్తుందా?"

"ఎందుకు లేదమ్మా."

"దేని గురించి?"

జైతున్‌బీ తువ్వాలు విప్పి మళ్ళీ చుట్టుకుంది. "ఎవరో మాట్లాడుతుండిరి. జనం కూడా మాట్లాడుతుండిరి. చప్పుడు ఎక్కువైంది."

"మరి చెయ్యెత్తలేదే?"

"మీరు ఎంత ఓర్చుకుంటారో చెప్పమంటిరిగా. నేను ఓర్చుకున్నా." ఆమె డాక్టరమ్మ వంక కొంచెం గర్వంగా చూసింది. "ఇంకా పెంచినా ఉండేదాన్నే."

ట్రాక్టరు గట్టు చివర తిరిగి మళ్ళీ వస్తోంది. సంతోషకుమారి బ్యాగులోంచి కాగితం తీసింది. జూలై నుంచి తను పరీక్ష చేసిన నలభై ఒక్కమంది పేర్లు. కోత కూలీలు, మిల్లు పనివాళ్ళు, మిర్చి యార్డులో బస్తాలు మోసేవాళ్ళు. పేర్ల పక్కన ఒకటి, రెండు, సున్నా, మూడు. ఇంత మంచి అంకెలు ఒకేచోట ఎందుకొచ్చాయని ఆమె ఒక్కసారి కూడా అనుకోలేదు. కథలో ఏం జరిగిందని ఒక్కరినీ అడగలేదు. నన్నే సాహెబ్ పేరు పదమూడోది.

రెండింటికి కోత ఆగింది. నాలుగు గంటలకు జైతున్‌బీ ఇంట్లో టీ తాగుతుండగా ఫోను మోగింది. ఆమె మిషను చెవికి పెట్టుకుని, ఫోను పట్టుకుని, లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది. గుల్షన్ టీవీ ఆపేసింది. అది రోజూ చేసే పనిలాగే ఉంది. లోపలి నుంచి జైతున్‌బీ గొంతు ఇంకో మనిషిదిలా వినిపించింది.

"పన్నెండు మందికి నేను రాను. పద్దెనిమిది మందీ వస్తారు, ఒక్క రోజులో లేపేస్తారు. మంచినీళ్ళు మీరే పెట్టించాలి. మొన్నట్టా మధ్యాహ్నం దాకా చూస్తే కుదరదు. ఆ. రేపు కాదు, ఎల్లుండీ కాదు, ఆదివారం."

సంతోషకుమారి గడియారం చూసింది. తలుపు తెరుచుకునేసరికి పన్నెండు నిమిషాలు.

శనివారం తొమ్మిదింటికి సంతోషకుమారి క్లినిక్కు తలుపు తనే తీసి అత్తాకోడళ్ళను లోపలికి పిలిచింది. మామూలుగా చప్పుడు పెంచే మీట ఆమె చేతిలో ఉంటుంది. ఈసారి దాన్ని పొడుగు వైరుతో గది లోపలికి తెచ్చి జైతున్‌బీ ముందు బల్ల మీద పెట్టింది. కుడికి తిప్పితే జనం పెరుగుతారు, ఎడమకు తిప్పితే తగ్గుతారు. కథ అలాగే ఉంటుంది. మూడుసార్లు తిప్పించి చూపించింది.

"ఇందులో ఓర్చుకునేదేమీ లేదు. కథ మీకు ఎట్లా వినాలనుంటే అట్లా తిప్పుకోండి. నేనిక్కడ ఉండను. టీ తాగొస్తాను. వచ్చాక కథ చెప్పాలి మీరు."

ఆమె గుల్షన్‌తో మెట్లు దిగి, టీ తాగి, పది నిమిషాలకు వచ్చింది. మీట ఎడమ చివరకు తిరిగి ఉంది. జనం చప్పుడు సున్నా.

"పూర్తిగా ఆపేశారా?"

"మీరే తిప్పుకోమంటిరిగా," అంది జైతున్‌బీ. "వాడు ఆ గేదెని కొననే కొన్లేదు డాక్టరమ్మా. దూడ ఏడ్చిందని వదిలేసి వచ్చాడు. పిచ్చోడు. దూడతో సహా కొనాల్సింది."

గుల్షన్ పడీ పడీ నవ్వింది. సంతోషకుమారి కూడా నవ్వి, ఎదురుగా కాకుండా గోడవైపు కుర్చీ వేసుకుని కూర్చుంది.

"చప్పుడు లేని చోటు మీ ఊళ్ళో ఎక్కడుంది?"

"తలుపేసుకున్న గది."

"అదొక్కటే. బయటికి వస్తే జనం ఉంటారు, బండ్లుంటాయి. ఇప్పుడు ఇంకో కథ వస్తుంది. జనాన్ని ఉండనివ్వండి. కథ జారిపోతుందనిపిస్తే అక్కడ తగ్గించండి. కాసేపు వినగలిగేంత దగ్గర ఆపండి."

జైతున్‌బీ మీటను రెండు వేళ్ళతో పట్టుకుంది. కాయ కోసేటప్పటి వేళ్ళే. కుడికి తిప్పింది, ఆగింది, ఇంకొంచెం తిప్పి మొహం చిట్లించి వెనక్కి తెచ్చింది. కథ యాభై మాటలు నడిచే లోపు రెండుసార్లు మార్చింది. చివరకు చేతిని ఒళ్ళో పెట్టుకుంది. సంతోషకుమారి బయటికి వచ్చి తెర మీద చూసింది. కథ డెబ్భై. చప్పుడు యాభై అయిదు. తేడా పదిహేను.

పదిహేనంటే మిషను ఇవ్వడమే దండగని పుస్తకం చెబుతుంది. పాత అంకెతో జైతున్‌బీ మొండి మనిషి. కొత్త అంకెతో పనికిరాని మనిషి. రెంటికీ మిషను వెనక్కి పోతుంది.

సంతోషకుమారి ఆమె చెవి నుంచి మిషను తీసి వైరుకు తగిలించింది. లోపల చప్పుడు తగ్గించే సదుపాయం ఉంది. ట్రస్టు క్యాంపులో హడావిడిగా అందరికీ ఒకే రకంగా పెట్టి ఇచ్చినప్పుడు దాన్ని ఎవరూ తెరవలేదు. ఆమె దాన్ని తెరిచింది. ఇంజను లాంటి లావు చప్పుళ్ళను తగ్గించింది. కీచుమనకుండా చెవిలో పెట్టే బిరడా మార్చింది. మిషను పెట్టి మళ్ళీ మీట చేతికిచ్చింది. ఈసారి తేడా పదకొండు.

"ఎంతమ్మా?" జైతున్‌బీ అడిగింది. ఇన్నాళ్ళలో ఆమె అంకె అడగడం ఇదే మొదటిసారి.

"పదకొండు. అటూ ఇటూ కాదు. వాడతారో లేదో ఈ అంకె చెప్పలేదు."

"మరెవరు చెప్పాలి?"

సంతోషకుమారి ఫారం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ట్రస్టు ఆఫీసులో కార్యదర్శి జక్రయ్య గారు రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నారు. హెడ్మాస్టరుగా చేసిన మనిషి. ఆ గదిలో ఆయన మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ మాట్లాడరు. కిటికీలో పెద్ద కూలర్ బస్సు ఇంజనులా తిరుగుతోంది. ఆయన సంతోషకుమారి ఇచ్చిన కాగితం రెండుసార్లు చదివారు.

"ఒకటి కొట్టేసి పదిహేను రాశావు. మళ్ళీ పదకొండు రాశావు. ఏమిటమ్మా ఇది?"

"ఒకటి తప్పండీ. పరీక్ష నేను తప్పు చేశాను. ఓర్చుకోమంటే వాళ్ళు ఓర్చుకున్నారు. ఒక్కరికే కాదు, నలభై ఒక్కమందికీ తప్పే. నన్నే సాహెబ్ గారి మిషను నా తప్పుడు అంకె చూసి తీసుకున్నాం."

జక్రయ్య గారు కళ్ళద్దాలు తీశారు. "అది రాసిస్తావా?"

"రాసే తెచ్చాను." ఆమె రెండో కాగితం పెట్టింది.

ఆయన చదివి పక్కన పెట్టారు. "నువ్వు నిజాయితీగా చెప్పావు, సంతోషం. కానీ రూలు అంకె మీద లేదమ్మా, గంటల మీద ఉంది. నూట పన్నెండు మంది వరుసలో ఉన్నారు. హుస్సేన్ సాహెబ్ అని టైలరు, రోజూ ఫోన్ చేస్తాడు. ఈమె పదకొండు నిమిషాలు వాడుతోంది. ఆయనకేం చెప్పను?"

సంతోషకుమారి జైతున్‌బీ వంక చూసింది.

ఆయన జైతున్‌బీ వైపు తిరిగారు. "ఏమ్మా. మిషను నీ దగ్గరుంటే ఇకనించి ఏం చేస్తావు? రోజూ పెట్టుకుంటావా?"

కూలర్ తిరుగుతూనే ఉంది. జైతున్‌బీ ఆయన పెదాల వంక చూసింది. ఏం జరుగుతుందో సంతోషకుమారికి తెలుసు. ఆ తల ఊగుతుంది. బాగుందయ్యా అంటుంది. పెట్టుకుంటన్నానయ్యా అంటుంది. ఇవ్వమంటే చెవి నుంచి తీసి ఇస్తుంది.

జైతున్‌బీ తల ఊపలేదు.

"ఆ కూలర్ ఆపించండి సార్."

జక్రయ్య గారు ఆమెను చూశారు. తలుపు దగ్గర అటెండరు ఆయన్ను చూశాడు.

"మీరేదో అడిగారు. నాకు తెలవాలి. అది తిరుగుతుంటే సగమే వస్తంది. సగానికి జవాబు చెప్పలేను."

జక్రయ్య గారు కూలర్ వంక చూశారు. తర్వాత అటెండరుకు చెయ్యి చూపించారు. కూలర్ గరగరమని ఆగింది. కింద వీధిలో ఆటోల హారన్లు దూరంగా వినిపించాయి. ఆయన అదే ప్రశ్న మళ్ళీ అడిగారు. ఈసారి గొంతు పెంచాల్సిన పని లేకపోయింది.

"ఆటోలో పెట్టుకోను," అంది జైతున్‌బీ. "కోతలోనూ పెట్టుకోను, మందు కొట్టే బండి వస్తే తల పగులుద్ది. పెట్టుకుంటానని ఇన్నాళ్ళూ ఈమెకి చెప్పింది అబద్ధం. ఈమె ఏమనుకుంటదోనని చెప్పాను. రైతుతో ఫోన్లో మాట్లాడేటప్పుడు పెట్టుకుంటా. అదే మీరనే పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాల మీద పద్దెనిమిది మంది రోజూ పనికి పోతన్నారు. అది తక్కువో ఎక్కువో మీరు చెప్పండి."

గుల్షన్ అత్త వెనక నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇవాళ పొద్దున ఈమె మిషను మార్చింది. ఇంట్లో పెట్టుకోగలనేమో, కూలి పంచేటప్పుడు పెట్టుకోగలనేమో. రోజుకి నాలుగు గంటలని ఇప్పుడే ఒట్టు పెట్టమంటే పెట్టను. నెల రోజులు పెట్టుకుని చూసి, ఉన్నది ఉన్నట్టు వచ్చి చెబుతా. పనికిరాకపోతే నేనే ఆ టైలరు సాయిబు చేతికిస్తా."

జక్రయ్య గారు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. రిజిస్టరులో జైతున్‌బీ పేరు దగ్గర వేలు పెట్టి, వేలు కిందికి జరుపుకుంటూ పోయి, ఇంకో పేరు దగ్గర ఆగారు.

"నలభై ఒక్కమందికీ మళ్ళీ చెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అని సంతోషకుమారిని అడిగారు.

"రోజుకు ఒకరు. క్లినిక్కు తెరవకముందు చేస్తాను. నెలన్నర."

"అప్పటిదాకా వెనక్కి తీసుకోవడాలు ఆపుతాను. హుస్సేన్ సాహెబ్‌తో నేను మాట్లాడతాను. మొదట నన్నే సాహెబ్‌ను పిలువు. ఆయనకివ్వడానికి ఒక మిషను ఎక్కడైనా చూస్తాను." ఆయన పెన్ను తీసి, రాసి, రిజిస్టరు మూశారు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. అటెండరు స్విచ్చు వైపు ఒక అడుగు వేశాడు.

"ఇంకొక్క మాటుంది సార్," అంది జైతున్‌బీ.

జక్రయ్య గారు అటెండరును ఆగమని చెయ్యెత్తి, కుర్చీ ఆమె వైపు జరుపుకున్నారు.

"చెప్పమ్మా."